కుడి పక్క కుర్చీ

మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన పోయిన కబురు ఒక శనివారం పొద్దున వచ్చింది. దండ వేసిన ఫోటో, ఫోటోకి చెరోవైపూ దీపం, కింద ఒక వాక్యం: ‘నిరంతర ఆద్యాత్మిక గ్రంథ పఠనంతో జీవితాన్ని తరింపజేసుకున్న పుణ్యమూర్తి.’ ‘ఆధ్యాత్మిక’లో ధకి ఒత్తు లేదు. అది చిన్న తప్పు. వాక్యం మొత్తం పెద్ద తప్పు. దాని కింద అందరూ వరసగా దండాల బొమ్మలు పెట్టారు గాని ఒక్కరూ దిద్దలేదు.

ఆయన ఆధ్యాత్మిక గ్రంథాన్ని ముట్టుకోగా నేను చూడలేదు. నాకు తెలిసిన రెండేళ్ళలోనూ ఆయన ఇష్టపడి చదివినవి జపాను బొమ్మల పుస్తకాలు. ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి ప్రేమించి, ఆ ప్రేమతో ఇద్దరూ ఒకరి బతుకు ఒకరు నానా కంగాళీ చేసుకునే కథలు. పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. సంతోషంగా కూర్చున్నానని మాత్రం చెప్పను.

పేరు రాయను. ఆయన పిల్లలకి ఇబ్బంది. కానీ ఇలాంటి మనిషిని ఆ ఫోటోలో పెట్టి పుణ్యమూర్తిని చేస్తుంటే ఊరుకోవడం నా వల్ల కాదు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. బెజవాడలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ, వ్యాకరణం వ్యాకరణ పుస్తకాల ప్రూఫుల్లోనూ, ఇంగ్లీషు నిఘంటువు ప్రూఫుల్లోనూ నేర్చుకున్నాను. పెద్ద చదువులు చదివినవాళ్ళు తప్పు రాస్తే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆయన వరంగల్లు వైపు మనిషి. ముప్పై ఏళ్ళు ఎర్రబస్సులో కండక్టరు. ఇక్కడ సిడ్నీలో, హారిస్ పార్కు అనే పేటలో కొడుకు దగ్గర ఉండేవారు. ఇక్కడి రైల్లో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా కూర్చునేవారు కాదు. నడిమి దారిలో కాళ్ళు జానెడు ఎడంగా పెట్టి, కడ్డీ పట్టుకోకుండా నిలబడేవారు. రైలు ఎంత ఊగినా ఆయన ఊగేవారు కాదు. “కూర్చోండి, జనం చూస్తున్నారు” అంటే, “నిలబడితెనే గదా సారు, అందరి మొకాలు కనబడేది” అనేవారు.

లైబ్రరీలో తినకూడదు. అందుకని కళ్ళజోడు డబ్బాలో సకినం ముక్కలు తెచ్చుకునేవారు. ఒక ముక్క నోట్లో వేసుకుని, కొరకకుండా, చప్పుడు రాకుండా, అది నానేదాకా బుగ్గన పెట్టుకునేవారు. ఒక్కో ముక్క పావుగంట. ఆ పావుగంటా ఏమడిగినా చాలావరకు తల ఊపడమే. డబ్బాలో ఉండాల్సిన కళ్ళజోడు మాత్రం చొక్కా జేబులో తాళంచెవులతో రాసుకుని గీతలు పడేది.

మా పరిచయం తనిఖీతో మొదలైంది. పరమట్టా లైబ్రరీలో తెలుగు పుస్తకాలు బీరువాలో ఒకటిన్నర అర. అందులో ఒక నవల తీసుకుని పెన్సిలుతో అచ్చుతప్పులు దిద్దుకుంటున్నాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పేజీ మీద పడింది.

“సర్కారు బుక్కుల రాస్తున్నరేంది సారు?”

“రాయడం లేదండీ. దిద్దుతున్నాను.”

“ఎవలు దిద్దుమన్నరు?”

“తప్పే దిద్దమంది.”

ఆయన పేజీ చూశారు, నా మొహం చూశారు, కుర్చీ లాక్కుని నా కుడిపక్కన కూర్చున్నారు. “అయితె కానియ్యిండ్రి. ఎవలన్న అస్తరేమో నేను జూస్త.”

ఆ రోజు నుంచి నేను ప్రూఫు సారు. ఆయన కండక్టరు గారు. మంగళ, గురువారాలు నేను కెల్లీవిల్ నుంచి రెండు బస్సులు మారి వెళ్ళేవాణ్ణి. ఆయన అప్పటికే బల్ల పట్టి, నా కుర్చీ మీద తన టోపీ పెట్టి ఉంచేవారు. ఎవరైనా ఆ కుర్చీ అడిగితే, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, “సీట్ బుక్డ్” అనేవారు. ఈ వయసులో ఒక మనిషి నా కోసం సీటు ఆపడం ఎంత మాటో వేరే చెప్పక్కర్లేదు.

ఆరు నెలల్లో తెలుగు అర మొత్తం చదవడం అయిపోయింది. నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆయనకది నచ్చలేదు. ఇంగ్లీషు అంతంత మాత్రం కాబట్టి బొమ్మలుంటే గడిచిపోతుందని బొమ్మల పుస్తకాల వైపు వెళ్ళి ఒకటి తెచ్చుకున్నారు. అట్ట మీద ఒకే గొడుగు కింద ఇద్దరు కుర్రవాళ్ళు. అన్నదమ్ముల కథ కాబోలు అనుకున్నారు. మూడు రోజులు చదివి నాకు కథ చెప్పారు.

“మంచిగున్నది ప్రూఫు సారు. మొదాలు టేషన్ల ఏడ్సుకుంట ఇడిపోతరు. అటెన్క కొట్లాడుకుంటరు. అటెన్క కలిసి వండుకుంటరు. ఆఖరుకు వంగి దండం బెట్టుకొని ఒకలకొకలు పేర్లు జెప్పుకుంటరు.”

“అన్నదమ్ములు చివర్లో పేర్లు చెప్పుకోవడం ఏమిటండీ?”

“గదే నాకు సమజ్ గాలె. యాది మర్శిపోయిన్రేమో.”

ఎదురు బల్ల దగ్గర ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముప్పై దాటిన మనిషి. ఒంగోలు వైపు పిల్ల. పక్క వీధిలో ఏదో కంపెనీలో కంప్యూటరు పని. వారానికి రెండు రోజులే ఆఫీసుకు రావాలట, మిగతా రోజులు ఇంట్లోంచే పని. ఆ రెండు రోజులూ మా మంగళ, గురువారాలే కావాలా?

“సారీ అంకుల్, వినకూడదు గానీ వినపడింది. యూ ఆర్ రీడింగ్ ఇట్ బ్యాక్‌వర్డ్స్. జపాన్ వాళ్ళది రైట్ నుంచి లెఫ్ట్‌కి. ఇటు నుంచి ఓపెన్ చెయ్యాలి.” లేచి వచ్చి పుస్తకం తిప్పి చూపించింది. “ఇంకోటి కూడా అంకుల్. దే ఆర్ నాట్ బ్రదర్స్.”

“మరి?”

“లవర్స్.”

ఆయన బుగ్గన సకినం ముక్క ఉంది. దాన్ని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చారు. ఈలోగా నేనొక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను.

“గట్లనా?” అన్నారు. “ముందుగాల జెప్పొద్దా మరి? మొత్తం మల్ల సదవాలె.”

అంతే. పుస్తకం తిప్పి మొదటి పేజీ తీశారు. నా ఉపన్యాసం నాలోనే ఉండిపోయింది.

ఆ పిల్ల అవన్నీ చదివేసినదే. మొత్తం పది పుస్తకాల వరస. ఇంగ్లీషు మాటలు తెలుగులో చెప్పి చదివిస్తానంది. జపాను పుస్తకం తెరిస్తే కుడి పేజీ ముందు, ఎడమ పేజీ తర్వాత. చదివి చెప్పే మనిషి కుడిపక్కన ఉండాలి. ఆమె ఆయన కుడిపక్కన కుర్చీ వేసుకుంది. నేను మొదటి నుంచీ ఎడమపక్క. కథలో ఇప్పుడు జరుగుతున్నదంతా వాళ్ళిద్దరి మధ్యా ఉండేది. నా వైపు పేజీలో ఎప్పుడూ ఇంకా జరగనిదే కనిపించేది. ఎవడో ఏడుస్తూ ఉంటాడు, ఎందుకో నాకు తెలియదు.

పేజీ తిప్పడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. పెన్సిలుతో బల్ల మీద ఒక్కసారి కొడితే ఆగమని, రెండుసార్లు కొడితే తిప్పమని. బస్సులో కండక్టరు గంట లెక్క అదేనట. ఒక గంటకు బస్సు ఆగాలి, రెండు గంటలకు కదలాలి. రెండు దెబ్బలు పడగానే ఆ పిల్ల పేజీ తిప్పేది. నన్ను తిప్పమని ఎవరూ అడగలేదు.

మగవాళ్ళిద్దరు ప్రేమించుకోవడం నాకు గిట్టలేదని ఆమె అనుకుంది. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను, అలా అనుకోవడం మర్యాదగా ఉంటుంది గనక. “ఈ వయసులో ఇవేం చదువులండీ, ఎవరైనా చూస్తే?” అన్నాను కూడా. అబద్ధం. అచ్చాఫీసులో నేను దిద్దనిదంటూ లేదు. నా మంటంతా ఆ కుడి పక్క కుర్చీ మీద.

కథ ఇది. ఇద్దరు మగవాళ్ళు ఒకే గదిలో ఉంటారు. వాళ్ళ జపాను పేర్లు ఆయన నోటికి తిరగలేదు. ‘పొడుగోడు’, ‘పొట్టోడు’ అని పెట్టుకున్నారు. పొడుగువాడు భోజనం పొట్లాలు కట్టే దుకాణంలో వంటవాడు. పొట్టివాడు ఇల్లిల్లూ తిరిగి పియానోలు శ్రుతి చేస్తాడు. అతను వెళ్ళిన ప్రతి ఇంటి మీదా పొడుగువాడికి అసూయ. పైకి ఒక్క మాట అనడు. అన్నం వడ్డించి గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మూడు పుస్తకాల నిండా ఆ వీపే.

అక్కడ ఆ పిల్లకి మాట ఆగిపోయింది. “నాకేం కోపం లేదు అంటున్నాడు అంకుల్. బట్ హీ ఈజ్ లైక్... అప్‌సెట్. కోపం లాంటిదే, బట్ కోపం కాదు. తెలుగులో ఏమంటారు దీన్ని?”

నేను కాసేపు ఆగాను. అడగనీ అని. ఆయన నా వైపు తిరిగారు. “మాట జెప్పుండ్రి ప్రూఫు సారు.”

“అలక” అన్నాను. “ఒంగోల్లో పుట్టి అలకకి మాట వెతుక్కుంటున్నావా అమ్మా?”

“మా అమ్మ రోజూ అలుగుతుంది అంకుల్. పేరు పెట్టే టైమ్ ఇవ్వలేదు.”

నేను వదల్లేదు. ఇన్నాళ్ళకి నాకొక అవకాశం దొరికింది. “కోపం దారిన పోయేవాడి మీదైనా వస్తుంది. అలక అలా రాదు. అలగడానికి మనవాళ్ళు ఉండాలి. వచ్చి బతిమాలతారన్న నమ్మకం ఉండాలి. పరాయివాడి మీద అలిగిన మనిషిని ఎక్కడైనా చూశారా?”

ఆయన పెన్సిలుతో ఒక్కసారి కొట్టారు. పొడుగువాడి వీపు వైపు చాలాసేపు చూశారు.

“మా దిక్కు అల్గుడు అంటరు. మొగోనికి అల్గెతందుకు పర్మిషన్ ఒక్కపారే. పెండ్లిల. గది గుడ సైకిల్ కోసం. నేను అల్గితె రేడియో ఇచ్చిండ్రు. అటెన్క మల్ల అల్గలె. అల్గితె ఎవలు జూస్తరు? వీళ్ళను జూడుండ్రి, మూడు బుక్కులసంది అల్గుతనే ఉన్నరు.”

అందులో వెక్కిరింత లేదు. పక్కవాడి విస్తట్లో బూరె చూసినవాడి గొంతు అది.

ఐదో పుస్తకంలో పొట్టివాడికి వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వస్తుంది. పొడుగువాడు దాన్ని బియ్యం డబ్బాలో అడుక్కి తోసి దాచేస్తాడు. ఆ పిల్ల ముందే చదివినదై ఉండి కూడా మండిపడింది. “సో టాక్సిక్ అంకుల్. నేనైతే అదే రోజు బ్యాగ్ సర్దేసుకుంటాను.”

“దొంగ వెధవ” అన్నాను నేను. ఆ ఒక్కసారే మేమిద్దరం ఒక మాట మీద ఉన్నాం.

“దొంగ గాదు” అన్నారు ఆయన. “సీటు పోతదని భయం. రష్‌ల సీటు దొరికినోడు దూపైనా నీళ్ళకు దిగడు. దిగి వచ్చేసరికి ఇంకోడు కూసుంటడని. నేను ఎంతమందిని జూసిన. పాపం, ఊరు వచ్చేదాక గట్లనే బిగుసుకొని కూసుంటరు. కిటికీలకెళ్ళి గుడ చూడరు.”

ఆ మాట అంటూ ఆయన ఎవరిని చూశారో నాకు తెలియదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

తర్వాతి మంగళవారం నాకు పన్ను పీకారు. వెళ్ళలేకపోయాను. గురువారం దవడ వాపుతోనే వెళ్ళాను. నా కుర్చీ మీద టోపీ ఉంది, కాదనను. కానీ బల్ల మీద ఏడో పుస్తకం ఉంది.

“ఆరు ఏదీ?” అన్నాను.

“అయిపోయింది అంకుల్” అంది ఆ పిల్ల. “మంగళవారం ఫుల్ ఫ్లోలో వెళ్ళిపోయాం. బియ్యం డబ్బాలో లెటర్ దొరికేసింది. ఎలాగూ మీకు ఇవి ఇష్టం లేదు కదా అని...”

బియ్యం డబ్బా తెరిచినప్పుడు నేను లేను. పొట్టివాడి మొహం ఎలా ఉందో వాళ్ళిద్దరూ చూశారు. ‘ఆరోది మీరొక్కరే చదువుకోండి’ అంటూ ఆయన పుస్తకం నా ముందుకు జరిపి ఉంటే ఏమయ్యేదో. జరపలేదు. నేను వెళ్ళి పేపర్ల దగ్గర కూర్చున్నాను.

కాసేపటికి ఆయన వచ్చారు. నా ఎదురుగా, అలవాటుగా కాళ్ళు ఎడం పెట్టి నిలబడ్డారు.

“అల్గినవా ప్రూఫు సారు?”

నన్ను ఆయన నువ్వు అనడం అదే మొదలు. ఇప్పుడు తలుచుకుంటే అది ఎంత దగ్గరితనమో తెలుస్తోంది. అప్పుడు నాకు వినపడింది అది కాదు. అలక అన్న మాట నేనిచ్చింది. నా మాట తెచ్చి నన్నే కొలుస్తున్నాడు. అవతల ఆ పిల్ల మెడ చాచి చూస్తోంది.

“అలగడానికి మీరెవరండీ నాకు?” అన్నాను.

ఆయన నోట్లో సకినం ముక్క ఉంది. అది ఇంకా నానలేదు. ఆయన దాన్ని కొరికేశారు. ఆ చప్పుడు లైబ్రరీ అంతా వినపడింది. ఎవరో తలెత్తి చూశారు.

“సరే సారు” అన్నారు. “మీ ఇష్టమున్నట్టు జెయ్యిండ్రి.”

‘మీరు’ మళ్ళీ వచ్చేసింది.

మూడు వారాలు నేను వెళ్ళలేదు. మా అమ్మాయి అడిగితే అక్కడి ఏసీ పడటం లేదని చెప్పాను. మంగళవారం పన్నెండున్నరకి ఇప్పుడు ఏ పేజీలో ఉంటారో అనుకునేవాణ్ణి. నా కుర్చీ మీద టోపీ ఉందో, ఆ పిల్ల బ్యాగు ఉందో అనుకునేవాణ్ణి. నా అన్నం చల్లారిపోయేది.

నాలుగో వారం బుధవారం మధ్యాహ్నం కెల్లీవిల్‌లో మా ఇంటికి వచ్చారు. ఆ పిల్ల ఆఫీసుకు రాని రోజు. రెండు బస్సులు మారి, ఎండలో నడిచి, ఇళ్ళన్నీ ఒకేలా ఉండే ఆ వీధిలో మా ఇల్లు ఎలా పట్టుకున్నారో. ఇంట్లో నేనొక్కణ్ణే. మేడ మీద కిటికీ తెర సందులోంచి చూశాను. కదలని నేల మీద కూడా కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడ్డారు. చేతిలో సంచీ. బెల్లు నొక్కారు. ఒక్కసారి.

రెండోసారి నొక్కితే దిగుదామనుకున్నాను. ఒక్క బెల్లుకే పరిగెత్తుకు వెళితే చులకన. మనిషన్నవాడు కనీసం రెండుసార్లు బతిమాలాలి. ఆయన రెండోసారి నొక్కలేదు. తలుపు వైపు చూస్తూ చాలాసేపు అలాగే నిలబడి, వెళ్ళిపోయారు. రెండు బస్సులు మారి వచ్చినవాడికి రెండోసారి బెల్లు నొక్కడానికి వేలు రాలేదా అని నెలరోజులు ఉడికిపోయాను.

నెల తర్వాత ఒక రోజు పరమట్టా వెళ్ళే బస్సులో ఉన్నాను. ముందు సీటావిడ దిగడానికి బొత్తాం నొక్కింది. టింగ్ అని ఒక్కసారి మోగింది. బస్సు ఆగింది.

ఒక గంటకు ఆగాలి. రెండు గంటలకు కదలాలి. ముప్పై ఏళ్ళు ఆ గంట కొట్టిన మనిషి, ఆపాలని వచ్చినవాడు, రెండోసారి ఎలా నొక్కుతాడు? రెండోది పొమ్మని చెప్పడం. ఆయన నన్ను ఆగమని చెప్పి, ఆగుతానని అక్కడ నిలబడ్డాడు. మేడ మీద నేనేమో పొమ్మనే గంట కోసం ఎదురుచూశాను. ఆయన పెన్సిలు దెబ్బలు విన్నవాణ్ణి, పక్కనే కూర్చున్నవాణ్ణి, నాకే తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

ఆ రోజే హారిస్ పార్కులో ఆయన కొడుకు ఇంటికి వెళ్ళాను. కోడలు తలుపు తీసింది. మామయ్య బ్రిస్బేన్ వెళ్ళిపోయారని, సన్నీబ్యాంక్‌లో ఆడపడుచు ఇంట్లో ఇక అక్కడే ఉంటారని చెప్పింది. నంబరు రాసిచ్చింది. తెచ్చుకుని ఫోను అట్ట వెనక పెట్టుకున్నాను. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదంటే, అలిగింది నేను. చెయ్యాల్సింది ఆయన. తప్పు నాదని తెలిశాక కూడా నా బుద్ధి అలాగే ఏడిచింది. రోజూ నంబరు తీసి చూసి, సున్నాలు సరిగ్గా రాసిందో లేదో పరీక్షించి, మళ్ళీ పెట్టేసేవాణ్ణి. అలా ఏడు నెలలు.

ఆ శనివారం ఫోటో చూశాక ఆ నంబరుకి ఫోను చేశాను. ఆయన కూతురు ఎత్తింది. ఏమీ బాధ పడకుండా పోయారని చెప్పింది. నేనెవరో ఆమె ఇంకా అడగలేదు. ఎవరో ఒక అంకుల్ అనుకుంది.

“సిడ్నీ నుంచి ఒక అక్క గుడ వచ్చింది అంకుల్. ఫ్లైట్ పట్టుకొని నిన్ననే వచ్చి చూసి పోయింది. డాడీకి ఫోన్‌ల కథలు చదివి వినిపించేదట, వారానికి రెండుసార్లు. మాకే తెల్వదు. ఆఖరు బుక్కు మొన్న గురువారమే అయిపోయిందట.”

నాకు ఒళ్ళు భగ్గుమంది. ఆయన పోయారు, అటు ఫోన్లో కూతురు ఏడుస్తోంది, నా కడుపులో మండుతున్నది మాత్రం అదే పాత మంట. ఏడు నెలలు. వారానికి రెండుసార్లు. ఆ తెలుగుతో. ఎన్ని మాటలు తప్పు చెప్పిందో, మాట దొరకనిచోట ఎన్నిసార్లు అప్‌సెట్ అని సరిపెట్టిందో. అక్కడ ఆయన ఎవరి వైపు తిరిగి మాట అడిగి ఉంటారు?

“ఆ కథలో చివరికి వాళ్ళిద్దరూ కలిశారా అమ్మా?” అన్నాను.

“అయ్యన్ని నాకు తెల్వదు అంకుల్” అంది. ముక్కు చీదుకుంది. “ఇంతకు మీరు డాడీకి ఏమైతరు?”

లైబ్రరీలో తెలిసినవాణ్ణి అనవచ్చు. స్నేహితుణ్ణి అనవచ్చు. ఆ మాట ఆయన బతికుండగా నేను ఒక్కసారీ అనలేదు. పోయాక వచ్చి వాడుకోవడం బాగుండదు. నాకు తెలిసిన మాటలన్నీ వెతికాను. సరిపోయేది ఒక్కటే దొరికింది.

“మీ నాన్న మీద అలిగినవాణ్ణమ్మా.”

అటువైపు ఏడుపు ఆగింది.

“ఇంకనా అంకుల్?” అంది.

“ఇంకానే” అన్నాను.